రిసెప్టర్ లోపలికి పోయాక వెనక్కి రావాలా, లైసోసోమ్‌కి పోవాలా: ఎవరు తేలుస్తారు?

గుంటూరు_బయోటెక్
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫైనలియర్, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షకి చదువుతున్నా. ఎండోసైటోసిస్ (కణం బయటి సరుకుని పొరతో చుట్టి లోపలికి లాక్కోవడం) చాప్టర్ దగ్గర బండి ఆగిపోయింది. పుస్తకంలో మూడు రిసెప్టర్ల (కణం పొర మీద సరుకుని పట్టుకునే ప్రోటీన్ల) బొమ్మలు వేసి ఊరుకున్నారు. ఎల్‌డీఎల్ రిసెప్టర్ అయితే ఎల్‌డీఎల్‌ని (రక్తంలో కొలెస్ట్రాల్ మోసే రేణువుని) లోపల దించేసి తను ఖాళీగా పైకొచ్చేస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ అయితే ఇనుము మాత్రం దించి, దాన్ని మోసుకొచ్చిన ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్‌ని పట్టుకునే పైకొస్తుంది. ఈజీఎఫ్ రిసెప్టర్ అయితే ఈజీఎఫ్‌తో (కణాన్ని పెరగమనే ప్రోటీన్‌తో) పాటు తనూ లైసోసోమ్‌లో, అంటే కణం సరుకుని అరిగించే సంచిలో, అరిగిపోతుంది. బట్టీ కొట్టమంటే కొడతా కానీ ఎందుకు అని అడిగితే మా సార్ "పీహెచ్ వల్లమ్మా" అని వెళ్ళిపోయారు. మూడూ పోయేది ఒకే ఎర్లీ ఎండోసోమ్‌లోకి (లోపలికొచ్చిన సరుకు మొదట చేరే సంచిలోకి) కదా, పీహెచ్ అందరికీ ఒకటే కదా, మరి ఒకడు బతికి ఇంకొకడు ఎందుకు పోతున్నాడు? ఎవరైనా ఓపిగ్గా చెప్పరా ప్లీజ్

పిపెట్_పట్టినోడు
మంచి ప్రశ్న చెల్లీ, పీహెచ్ అన్నది సగం జవాబే. ముందు రెండు ప్రశ్నల్ని విడదీసుకో. ఒకటి పైపొర దగ్గర జరిగేది, అంటే ఎవరు లోపలికి పోవాలి అన్నది. రెండోది లోపలికి పోయాక ఎటు పోవాలి అన్నది. పుస్తకాలు మొదటిదాని మీద పేజీలు పేజీలు రాసి రెండోదాన్ని ఒక బాణం గుర్తుతో తేల్చేస్తాయి, అసలు కథ అక్కడే ఉంది.

మొదటిది తొందరగా చెప్తా. ఎల్‌డీఎల్ రిసెప్టర్ తోక కణం లోపలివైపు ఉంటుంది, దాంట్లో ఆస్పరాజీన్-ప్రోలీన్-ఏదో ఒకటి-టైరోసిన్ అని చిన్న వరస ఉంటుంది, ఎన్‌పీఎక్స్‌వై అంటారు. ఏపీ2, ఏఆర్‌హెచ్ లాంటి అడాప్టర్ ప్రోటీన్లు ఆ వరసని పట్టుకుంటాయి, వాటిని క్లాత్రిన్ అనే ఇంకో ప్రోటీన్ పట్టుకుంటుంది, పొర గుంటలా లోపలికి వంగుతుంది, డైనమిన్ అనే ప్రోటీన్ ఆ గుంట మెడ దగ్గర చుట్టుకుని కోసేస్తుంది. మొత్తం ఒక నిమిషం అటూ ఇటూ. కణం ఉపరితలంలో ఈ క్లాత్రిన్ గుంటలు (కోటెడ్ పిట్లు అంటారు) ఆక్రమించేది 2 శాతం మాత్రమే, అయినా ఎల్‌డీఎల్ రిసెప్టర్లలో సగానికి పైగా అక్కడే గుమిగూడి ఉంటాయి. ఆ టైరోసిన్ ఎంత ముఖ్యమో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ డల్లాస్‌లో ఒక పేషెంటు కణాల్లో చూశారు. రిసెప్టర్ తయారవుతోంది, పైకి వస్తోంది, ఎల్‌డీఎల్‌ని చక్కగా పట్టుకుంటోంది, లోపలికి మాత్రం పోదు. తర్వాత జీన్ చూస్తే 807వ స్థానంలో టైరోసిన్ బదులు సిస్టీన్. ఒక్క అమైనో ఆమ్లం, అంతే, ఆ మనిషి రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కడికక్కడ పేరుకుపోయింది.

ఓరుగల్లు_లెక్చరర్
చరిత్ర కూడ జర చెప్పుకోవాలె, నెట్ల అడుగుతరు. ఈ కోటెడ్ పిట్లని మొట్టమొదట మంచిగ చూపించింది 1964ల రోత్, పోర్టర్. దేంట్ల అనుకుంటున్నరు? దోమ గుడ్డుకణంల! ఆడదోమ రక్తం తాగినంక గుడ్డుకు పచ్చసొన ప్రోటీన్ కావాలె, దాన్ని బయటినుంచి గబగబ గుంజుకుంటది, గప్పుడు పొర మీద ముండ్ల ముండ్ల గుంటలు లక్షల్ల కనబడ్డయి. మన సికింద్రాబాద్‌ల 1897ల రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా పట్టుకున్నడు గద, ఆ దోమనే మళ్ల ఇంకో పాఠం చెప్పింది. క్లాత్రిన్‌ను శుద్ధి చేసింది బార్బరా పియర్స్, పంది మెదళ్లనుంచి, 1975-76 నాటి ముచ్చట. మూడు కాళ్ల ఆకారం, గవి ఒకదానికొకటి అల్లుకుంటె పంజరం తయారయితది.

డైనమిన్ గురించి అడిగితె షిబిరే ఈగ గుర్తుపెట్టుకో బిడ్డ, డైనమిన్ జీన్ చెడిన ఈగ. వేడి 29, 30 డిగ్రీలకి పెంచంగనే ఈగ కట్టె లెక్క పడిపోతది, మళ్ల చల్లబరిస్తె లేస్తది. నరాల చివర్ల సిగ్నల్ మోసే చిన్న సంచి (వెసికిల్) తిరిగి రాదు, సిగ్నల్ ఆగిపోతది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ల చూస్తె మెడ దగ్గర తెగకుండ ఏలాడుతున్న గుంటలు.

గుంటూరు_బయోటెక్
థాంక్యూ సార్, థాంక్యూ అన్నా. లోపలికి పోయేది అర్థమైంది. ఇప్పుడు అసలు డౌటు. ఎండోసోమ్ అంటే తపాలా సార్టింగ్ ఆఫీసు అనుకోవచ్చా? ప్రతి రిసెప్టర్ తోక మీద అడ్రస్ ఉంటుంది, చదివి ఎవరి సంచిలో వాళ్ళని వేస్తారు అని?

పిపెట్_పట్టినోడు
అందరూ అలాగే అనుకుంటారు, అక్కడే దారి తప్పుతారు. పోస్టాఫీసులో అడ్రస్ లేని కవరు ఎక్కడికీ పోదు. ఇక్కడ అడ్రస్ లేని కవరు సుబ్బరంగా ఇంటికొచ్చేస్తుంది. అడ్రస్ కావాల్సింది చావడానికి.

ఎందుకో చెప్తా. ఎర్లీ ఎండోసోమ్ ఆకారం ఎలా ఉంటుందో ఒకసారి బొమ్మ గీసుకో. మధ్యలో గుండ్రటి సంచి, దాన్నుంచి బయటికి పొడుచుకొచ్చిన సన్నటి గొట్టాలు, 60 నానోమీటర్ల మందం ఉంటాయేమో. గొట్టంలో గోడ ఎక్కువ, లోపలి నీరు తక్కువ. గుండ్రటి సంచిలో నీరు ఎక్కువ, గోడ తక్కువ. గొట్టాలు తెగి పైకి పోతుంటాయి, సంచి మిగిలి లేట్ ఎండోసోమ్ అవుతుంది. కాబట్టి పొరలో గుచ్చుకుని ఉన్నది ఏదైనా సరే, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, గొట్టాల్లోకే ఎక్కువగా కొట్టుకుపోతుంది, నీళ్ళలో కరిగి ఉన్నది సంచిలో ఉండిపోతుంది. 1993లో మాక్స్‌ఫీల్డ్ ల్యాబ్‌లో చేసిన పని ఉంది, దాంట్లో మొదటి పేరు సత్యజిత్ మేయర్, తర్వాత బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థకి వచ్చినాయన. ఫ్లోరెసెంట్ లిపిడ్‌కి తోకా లేదు సిగ్నలూ లేదు, అయినా అది ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ ఎంత వేగంగా పైకొస్తుందో అంతే వేగంగా వచ్చేసింది.

ఇప్పుడు పీహెచ్ పని ఏంటో చూడు. ఎండోసోమ్‌లో పీహెచ్ 6 దగ్గరికి దిగుతుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్ బయటివైపు భాగం చాచిన చెయ్యిలా ఉంటుంది, ఆమ్లం తగిలాక అది మడుచుకుని తన బీటా ప్రొపెల్లర్ ముక్కనే తన పట్టు మీద పెట్టుకుంటుంది, ఎల్‌డీఎల్ జారిపోతుంది. 2002లో డైసెన్‌హోఫర్ వాళ్ళు పీహెచ్ 5.3 దగ్గర తీసిన క్రిస్టల్‌లో ఇదే కనపడింది. జారిపోయిన ఎల్‌డీఎల్ ఇక నీళ్ళలో సరుకు, సంచిలో ఉండి లైసోసోమ్‌కి పోతుంది. రిసెప్టర్ పొరలో సరుకు, గొట్టంలోంచి ఇంటికి. ఒక్కో ట్రిప్పు 10 నిమిషాలు, 20 గంటల జీవితంలో వందకి పైనే ట్రిప్పులు కొడుతుంది.

ట్రాన్స్‌ఫెరిన్‌ది ఇంకా తమాషా. ఆమ్లంలో ఇనుము ఊడుతుంది కానీ ఇనుము లేని ట్రాన్స్‌ఫెరిన్‌కి ఆ పీహెచ్ దగ్గర రిసెప్టర్ మీద పట్టు తగ్గదు. పైకొచ్చి పీహెచ్ 7.4 తగిలాకే వదులుతుంది. అంటే పీహెచ్ ఇద్దరికీ ఒకటే, ఎవరి పట్టు ఏ పీహెచ్‌లో వదులుతుందన్నదే తేడా.

ఎండోసోమ్_ఎల్లయ్య
1993 పేపర్ దగ్గరే ఆగిపోతే ఎలా మాస్టారూ. అది లిపిడ్‌కి, ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌కి సరిపోయింది సరే, అన్నీ అలాగే కొట్టుకొస్తాయంటే ఒప్పుకోను. అడ్రినలిన్‌ని పట్టుకునే బీటా2 ఎడ్రినర్జిక్ రిసెప్టర్ తోక చివరి నాలుగు అక్షరాలు చెడగొట్టి చూడండి, అది లైసోసోమ్‌కి పోయి కూర్చుంటుంది. దానికి వెనక్కి రావడానికి కూడా సిగ్నల్ కావాలి. మీ ఎల్‌డీఎల్ రిసెప్టర్‌నే తీసుకోండి, అదే ఎన్‌పీఎక్స్‌వై వరసని ఎండోసోమ్ దగ్గర ఎస్ఎన్ఎక్స్17 అనే ప్రోటీన్ పట్టుకుని పైకి పంపుతుంది, అది లేకపోతే రిసెప్టర్ తొందరగా అరిగిపోతుంది. లోపలికి తీసుకెళ్ళిన హ్యాండిలే బయటికి కూడా లాగుతోంది. రెట్రోమర్ అని ఇంకో యంత్రాంగం ఉంది, దాంట్లో వీపీఎస్35 జీన్ చెడితే వంశపారంపర్య పార్కిన్సన్స్ వస్తుంది. ఊరికే గోడ-నీరు లెక్కతో అయిపోయేదైతే ఇంత యంత్రాంగం దేనికి?

పిపెట్_పట్టినోడు
ఒప్పుకుంటా ఎల్లయ్య గారూ, రెండూ ఉన్నాయి. ఆకారం వల్ల వచ్చే ప్రవాహం కింద ఉంటుంది, దాని మీద సిగ్నల్‌తో నడిచే దారులు వేసుకున్నాయి. ఒక్క ట్రిప్పులో నూటికి కొన్ని జారిపోయినా పర్లేదనుకునే రిసెప్టర్‌కి ప్రవాహం చాలు. వందసార్లు తిరగాల్సిన దానికి ఆ కొద్దిపాటి నష్టం కూడా కూడుకుంటూ పోతుంది కాబట్టి ప్రత్యేకంగా లాగేవాడు కావాలి. అమ్మాయికి మాత్రం ముందు ప్రవాహం అర్థమైతేనే మిగతాది ఎక్కుతుందని అలా చెప్పా.

ఎండోసోమ్_ఎల్లయ్య
అలా చెప్తే సరే. చెల్లెమ్మా, ఈజీఎఫ్ రిసెప్టర్ సంగతి నేను చెప్తా, నేను పనిచేసేది దాని మీదే. ఈజీఎఫ్ అంటుకోగానే రెండు రిసెప్టర్లు జత కట్టి ఒకదాని తోకలో ఇంకొకటి ఫాస్ఫేట్లు పెట్టుకుంటాయి. ఆ ఫాస్ఫేట్‌ని చూసి సీబీఎల్ అనే లైగేజ్ (అతికించే ఎంజైము) వచ్చి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని ముద్రలా తగిలిస్తుంది. ఇందాక అన్న చావు అడ్రస్ ఇదే. ఎండోసోమ్ పొర మీద ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల యంత్రాంగం కాచుక్కూర్చుని ఉంటుంది, హెచ్ఆర్ఎస్ ముందు పట్టుకుంటుంది, తర్వాత టీఎస్‌జీ101 వగైరా, అన్నీ కలిసి రిసెప్టర్ ఉన్న పొర ముక్కనే సంచి లోపలికి చిన్న బుడగలా తోసేస్తాయి. అంటే ఇప్పటిదాకా గోడ మీద ఉన్నవాడు సంచి నీళ్ళలో పడ్డాడు. ఇక గొట్టంలోకి వచ్చే దారే లేదు. తోక కూడా బుడగ లోపలికి పోయింది కాబట్టి సిగ్నల్ కూడా అక్కడితో బంద్. పెరగమని చెప్పే రిసెప్టర్‌ని అలా మూసెయ్యకపోతే ఏమవుతుందో క్యాన్సర్ వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

పీహెచ్ ఇక్కడా పనిచేస్తుంది కానీ తిరకాసుగా. ఈజీఎఫ్ పీహెచ్ 6 దగ్గర కూడా వదలదు, కాబట్టి రిసెప్టర్ లోపల కూడా ఆన్‌లోనే ఉంటుంది, సీబీఎల్ అంటుకునే ఉంటుంది, అడ్రస్ చెరగదు. అదే రిసెప్టర్‌కి ఈజీఎఫ్ లాంటిదే అయిన టీజీఎఫ్ ఆల్ఫా ఇచ్చి చూడు, అది ఆమ్లంలో ఊడిపోతుంది, ఫాస్ఫేట్ పోతుంది, యుబిక్విటిన్ పోతుంది, రిసెప్టర్ బతికి బయటికొస్తుంది. ఒకే రిసెప్టర్, దానికి అంటుకునేవి (లైగాండ్లు) రెండు, రెండు తలరాతలు. నెట్‌లో ఇది గ్రాఫ్‌గా ఇస్తారు చూసుకో.

హెచ్ఐవీ కూడా కణం నుంచి బయటపడటానికి ఇదే టీఎస్‌జీ101ని వాడుకుంటుంది. దొంగకి తాళాలన్నీ తెలుసు.

వైజాగ్_గుండె_డాక్టర్
చాలా రోజులకి మంచి చర్చ చూస్తున్నా. కార్డియాలజీ చేస్తుంటాను, ఈ బేసిక్ సైన్సు మాకు ఓపీలో ఎక్కడ తగులుతుందో చెప్తాను. ముప్ఫైల్లో గుండెపోటుతో వస్తారు కొందరు. సిగరెట్టు లేదు, షుగర్ లేదు. మడమ వెనక ఆ దళసరి నరంలాంటి దాన్ని వేళ్ళతో పట్టుకుంటే తాడులా లావుగా, గరుకుగా తగులుతుంది, చేతివేళ్ళ కణుపుల మీద గడ్డలుంటాయి. అక్కడ పేరుకున్నది కొలెస్ట్రాల్. తండ్రి ఏమయ్యారని అడిగితే నలభైల్లో పోయారంటారు. ఫెమీలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా, అంటే వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ పెరిగిపోయే జబ్బు. జీన్‌కి ఒక చెడ్డ కాపీ ఉన్నవాళ్ళు సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరు, అంటే అరుదైన జబ్బేం కాదండీ, మన జనాభాతో లెక్కేసుకోండి. చాలామందికి ఉన్నట్టే తెలీదు.

స్టాటిన్ ఇస్తాం. అది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని ఆపుతుంది, కణం లోపల కొలెస్ట్రాల్ తగ్గేసరికి జీన్లని ఆన్ చేసే ఎస్ఆర్ఈబీపీ2 అనే ప్రోటీన్ లేచి ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఎక్కువ చేయిస్తుంది. అయితే ఒక చిక్కు. అదే ఎస్ఆర్ఈబీపీ2 పీసీఎస్‌కే9 అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా ఎక్కువ చేయిస్తుంది. ఆ పీసీఎస్‌కే9 బయటికొచ్చి రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, దాంతోపాటే ఎండోసోమ్‌లోకి పోతుంది, ఆమ్లంలో వదలడం పోయి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఇందాక చెప్పిన మడత పడదు. రిసెప్టర్ చాచిన చెయ్యి చాచినట్టే లైసోసోమ్‌కి పోయి అరిగిపోతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అన్నమాట. స్టాటిన్ డోసు డబుల్ చేసినా ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుందని మేము చదువుకున్న లెక్క వెనక ఇదొక కారణం.

ఎండోసోమ్_ఎల్లయ్య
డాక్టర్ గారూ దీంట్లో ఒక విడ్డూరం చూశారా, పీసీఎస్‌కే9 రిసెప్టర్‌ని చంపేటప్పుడు యుబిక్విటిన్ అక్కర్లేదు, ఎస్కార్ట్ అక్కర్లేదు. డల్లాస్‌లోనే హాబ్స్, కోహెన్ ల్యాబ్ 2012లో చూపించింది. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కి యుబిక్విటిన్ తగిలించే లైగేజ్ వేరే ఉంది, ఐడాల్ అని, 2009లో దొరికింది, అది ఇంకో దారి. చెల్లెమ్మా, పరీక్షలో ఈ రెండూ కలిపెయ్యకు.

నాటు_వైద్యం_బెస్టు
ఇవన్నీ మందుల కంపెనీల కథలు. కొలెస్ట్రాల్ లేకపోతే మెదడే లేదు. మా తాతలు నెయ్యి తాగి నూరేళ్ళు బతికారు. రిసెప్టర్లట ఎండోసోములట

వైజాగ్_గుండె_డాక్టర్
నెయ్యి గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదండీ. మందు కంపెనీని పక్కన పెట్టండి, దేవుడే చేసిన ట్రయల్ ఒకటుంది. 2003లో ఫ్రాన్స్ కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అతిగా పనిచేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుందని తేలింది. తర్వాత కోహెన్, హాబ్స్ తిరగేసి వెతికారు, పనిచెయ్యని పీసీఎస్‌కే9తో పుట్టినవాళ్ళు ఉన్నారా అని. అమెరికా నల్లజాతి వాళ్ళలో సుమారు 2.6 శాతం మందికి ఒక కాపీ పనిచెయ్యదు. 2006లో వచ్చిన లెక్క ఇది: వాళ్ళ ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, 15 ఏళ్ళలో గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. వాళ్ళు ఏ మందూ మింగలేదు. పుట్టినప్పటినుంచి రిసెప్టర్లు అరక్కుండా తిరుగుతున్నాయి, అంతే. మెదళ్ళు కూడా బానే ఉన్నాయి.

ఆ తర్వాతే 2015లో ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ అని పీసీఎస్‌కే9ని పట్టుకునే యాంటీబాడీలొచ్చాయి, స్టాటిన్ మీద ఇంకో 60 శాతం దాకా దించుతాయి. కానీ రెండు కాపీలూ చెడి అసలు రిసెప్టరే తయారవ్వని పిల్లలకి ఇవి పనిచెయ్యవు. కాపాడటానికి రిసెప్టరే లేనప్పుడు దేన్ని కాపాడతాం.

ఫార్మాసిటీ_కుర్రాడు
హైదరాబాద్‌లో ఫార్ములేషన్స్‌లో చేస్తా బ్రో, సైన్స్ మీ అంత రాదు గాని ఒకటి యాడ్ చేస్తా. ఇంక్లిసిరాన్ అని ఆర్నెల్లకోసారి ఇంజెక్షన్ ఉంది కదా (మొదటిది, తర్వాత 3 నెలలకి, అక్కణ్ణుంచి 6 నెలలకోటి), దాని పనితనం మొత్తం ఈ చర్చ టాపిక్కే. అది పీసీఎస్‌కే9 మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని కోసే చిన్న ఆర్‌ఎన్‌ఏ. దాన్ని లివర్‌లోకి ఎలా పంపుతారు? చివర్లో గాల్‌నాక్ అనే చక్కెర మూడు కొమ్మలుగా తగిలిస్తారు. లివర్ కణాల మీద ఏసియాలోగ్లైకోప్రోటీన్ రిసెప్టర్ ఉంటది, లక్షల్లో ఉంటది, ఈ చక్కెర కనపడితే చాలు లోపలికి లాగేసి, ఎండోసోమ్‌లో వదిలేసి, తను పావుగంటలో పైకొచ్చేస్తది. మళ్ళీ ఇంకోటి. అంటే ఒక రిసెప్టర్ పని చేసే పద్ధతిని వాడుకుని ఇంకో రిసెప్టర్‌ని కాపాడుతున్నారు.

చిత్రం ఏంటంటే లోపలికి పోయిన దాంట్లో ఎండోసోమ్ గోడ దాటి సైటోప్లాజమ్‌లో పడేది 1 శాతం కూడా ఉండదు. మిగతాది ఆ సంచుల్లోనే ఇరుక్కుని ఉంటది. ముందు అందరూ దీన్ని ఫెయిల్యూర్ అనుకున్నారు, కానీ ఆర్‌ఎన్‌ఏని ఆమ్లానికి, ఎంజైములకి తట్టుకునేలా రసాయనికంగా గట్టిచేసి పెట్టారు కాబట్టి అది అక్కడే నిల్వ ఉండి నెలల తరబడి కొంచెం కొంచెం కారుతుంటది. ఆర్నెల్లు పనిచేసేది అందుకే

భీమవరం_కృష్ణ
రిసెప్టర్‌తో మందు లోపలికి పంపడం అంటే ఫోలేట్ రిసెప్టర్ గుర్తొచ్చిందండీ. మా భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం తయారుచేయించిన సంగతి అందరికీ తెలుసు, దాన్ని కొద్దిగా మార్చి చేసిన ఎమినాప్టెరిన్‌తోనే పిల్లల బ్లడ్ క్యాన్సర్ మొదటిసారి తగ్గుముఖం పట్టింది, 1948లో ఫార్బర్ ప్రచురించారు. ఆ ఫోలేట్‌ని పట్టుకునే రిసెప్టర్ ఆల్ఫా కొన్ని అండాశయ క్యాన్సర్లలో విపరీతంగా ఉంటుంది. 2022లో అమెరికాలో ఒప్పుకున్న మిర్వెటుక్సిమాబ్ మందు దాన్ని పట్టుకుని లోపలికి పోయి విషం విప్పుతుంది. నా డౌటేంటంటే ఈ ఫోలేట్ రిసెప్టర్‌కి తోకే లేదట కదా, పొర బయటివైపు ఒక లిపిడ్‌కి వేలాడుతుందట. తోక లేకపోతే ఏపీ2 పట్టుకునేది దేన్ని?

ఎండోసోమ్_ఎల్లయ్య
భలే పట్టారు కృష్ణ గారూ. క్లాత్రిన్ ఒక్కటే దారి కాదు. ఇలా లిపిడ్‌కి వేలాడే ప్రోటీన్లు (ఆ లిపిడ్ కొక్కేన్ని జీపీఐ యాంకర్ అంటారు) క్లాత్రిన్, డైనమిన్ రెండూ లేకుండా గొట్టాల్లాంటి సంచుల్లో పోతాయి, బెంగళూరులో మేయర్ ల్యాబ్ 2002 ప్రాంతంలో దీన్ని చూపించింది. పోయాక కూడా ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ అంత చురుగ్గా వెనక్కి రావు, ఎండోసోమ్‌లో నిదానంగా తిరుగుతాయి, పొరలో కొలెస్ట్రాల్ తగ్గిస్తే మాత్రం ఆ నిదానం పోయి మిగతావాటిలాగే వచ్చేస్తాయి. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ గారి ల్యాబ్ సెరటోనిన్1ఏ రిసెప్టర్ మీద, పొర కొలెస్ట్రాల్ మీద ఏళ్ళ తరబడి చేసిన పని కూడా వెతికి చదవండి.

ఫార్మా తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది. యాంటీబాడీకి విషం కట్టి పంపే మందులన్నిటికీ ఇదే గొడవ. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్2 రిసెప్టర్‌కి లోపలికి పోవడమే బద్ధకం, పోయినా వెనక్కి వచ్చేస్తుంది. దాన్ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ ఎంటాన్సిన్ మందులో లింకర్ (యాంటీబాడీకి విషాన్ని కట్టే ముడి) తెగదు, యాంటీబాడీ మొత్తం లైసోసోమ్‌లో అరిగితేగానీ విషం బయటపడదు. అదే యాంటీబాడీతో చేసిన ఇంకో మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ వాళ్ళు లైసోసోమ్ ఎంజైములకి తెగే లింకర్ పెట్టారు, పైగా ఆ విషం పొర దాటి పక్క కణంలోకి కూడా పోతుంది. రిసెప్టర్ ఎటు పోతుందో తెలియకుండా మందు గీస్తే డబ్బులు నీళ్ళపాలే.

రాజమండ్రి_పద్మ
నేను సైన్స్ మనిషిని కాదు, బీకామ్. నాకు మయస్థీనియా గ్రేవిస్ ఉంది, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి, అన్నం నమలడానికి కూడా దవడ అలిసిపోతుంది. మా న్యూరాలజిస్టు గారు "మీ యాంటీబాడీలే మీ రిసెప్టర్లని మింగించేస్తున్నాయమ్మా" అన్నారు. ఇక్కడ చదువుతుంటే అది ఇదేనా అనిపించింది. కాస్త తేలిగ్గా చెప్పగలరా ఎవరైనా?

వైజాగ్_గుండె_డాక్టర్
పద్మ గారూ, అదేనండీ. యాంటీబాడీకి రెండు చేతులుంటాయి. కండరం మీద ఉన్న ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్లని రెండింటిని ఒకేసారి పట్టుకుని కట్టేస్తుంది. అలా కట్టుబడ్డ రిసెప్టర్లని కండరం మామూలు కంటే తొందరగా లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. 1978లో డ్రాక్‌మన్ వాళ్ళు చూపించారు, ఒక చెయ్యే ఉన్న ముక్క ఇస్తే అలా జరగదు, రెండు చేతులూ ఉంటేనే జరుగుతుంది. దీంతోపాటు కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్లు వచ్చి పొరని దెబ్బతియ్యడం కూడా ఉంది, రెండూ కలిసి రిసెప్టర్లు తగ్గుతాయి, నరం ఇచ్చే సిగ్నల్ కండరానికి చాలదు.

పిపెట్_పట్టినోడు
పద్మక్కా, దీనికి ఇంకో వైపు కూడా ఉంది. రక్తంలో యాంటీబాడీ సగానికి తగ్గడానికి సుమారు 21 రోజులు పడుతుంది, మిగతా చాలా ప్రోటీన్లు రోజుల్లోనే పోతాయి. కారణం ఎఫ్‌సీఆర్ఎన్ అనే రిసెప్టర్. అది ఎండోసోమ్‌లో పీహెచ్ 6 దగ్గర యాంటీబాడీని పట్టుకుని, పైకి తెచ్చి 7.4లో వదిలేస్తుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కి సరిగ్గా తిరగేసినట్టు! చెడ్డ యాంటీబాడీకీ మంచి యాంటీబాడీకీ దానికి తేడా తెలీదు, రెండిటినీ కాపాడుతుంది. ఎఫ్‌గార్టిజిమోడ్ అని 2021లో వచ్చిన మందు ఆ రిసెప్టర్‌ని ఆక్రమించేస్తుంది, యాంటీబాడీలు గొట్టం ఎక్కలేక లైసోసోమ్‌కి పోతాయి. మీకు సరిపడుతుందా లేదా అన్నది మాత్రం మీ డాక్టర్ గారే చెప్పాలి, ఖరీదు కూడా చాలా ఎక్కువ.

రాజమండ్రి_పద్మ
అర్థమైంది బాబూ, డాక్టర్ గారూ. ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతా. ఇన్నేళ్ళకి నా ఒంట్లో ఏం జరుగుతోందో ఒకళ్ళు చెప్పారు.

గుంటూరు_బయోటెక్
ఒక్కటి అడిగి వదిలేస్తా. కరోనా అప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్ అని అందరూ ఎగబడి కొన్నారు కదా, అది కూడా ఎండోసోమ్ పీహెచ్ కథేనా?

ఫార్మాసిటీ_కుర్రాడు
అవును అదే. మందుల షాపుల్లో దొరకలేదు అప్పుడు, ల్యూపస్ పేషెంట్లు రోజూ వేసుకునే మాత్రకి అల్లాడిపోయారు పాపం. అది క్షారం కాబట్టి ఎండోసోమ్‌లో పోగై ఆమ్లాన్ని తగ్గిస్తది. కోతి కిడ్నీ నుంచి తీసిన వెరో కణాల్లో వైరస్ ఎండోసోమ్ దారిలోనే రావాలి కాబట్టి అక్కడ బ్రహ్మాండంగా ఆగింది. మన ఊపిరితిత్తుల కణాల్లో పైపొర మీదే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైము ఉంటది, అది వైరస్ స్పైక్‌ని అక్కడే కోసేస్తది, వైరస్ ఎండోసోమ్ దాకా పోనక్కర్లేదు. ఊపిరితిత్తుల నుంచి తీసిన కాలు-3 కణాల్లో చూస్తే మందు ఏమీ ఆపలేదు

పిపెట్_పట్టినోడు
చెల్లీ డిజర్టేషన్‌లో ట్రాన్స్‌ఫెరిన్ అప్‌టేక్ చేసే ఛాన్స్ ఉంటే తప్పకుండా చెయ్యి, ఇదంతా కళ్ళతో చూడొచ్చు. ముందు కణాల్ని సీరం లేని మీడియంలో కాసేపు ఉంచు, లేకపోతే సీరంలో ఉన్న ట్రాన్స్‌ఫెరిన్ సీట్లన్నీ ఆక్రమించి నీ రంగు ట్రాన్స్‌ఫెరిన్‌కి చోటుండదు. ఐస్ మీద 4 డిగ్రీల్లో అంటించి కడుగు. అప్పుడు చూస్తే కణం అంచు మొత్తం సన్నటి గీతలా వెలుగుతుంది. 37కి మార్చాక 5 నిమిషాలకి గీత చెదిరి చుక్కలు చుక్కలుగా లోపల కనపడతాయి, పావుగంటకి న్యూక్లియస్ పక్కన ఒక ముద్ద, ఆ ముద్దే రీసైక్లింగ్ చోటు, ఆ చోట ఉండే రాబ్11 ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ వేస్తే అక్కడే పడుతుంది. బయట రంగులేని ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కువ పోసి ఇంకాసేపు ఉంచితే ముద్ద కూడా మాయమవుతుంది, అంటే అంతా పైకొచ్చి వదిలేసిందన్నమాట. డైనసోర్ (డైనమిన్‌ని ఆపే రసాయనం) వేసి ఆపామని రాసే పేపర్లని మాత్రం పూర్తిగా నమ్మకు, అది డైనమిన్ ఒక్కదాన్నే కాదు, చాలావాటిని కెలుకుతుంది.

ఓరుగల్లు_లెక్చరర్
ఇగ నేనొక ప్రశ్న ఇస్త, బిడ్డ చెప్పాలె, వేరేటోళ్లు ఆగుర్రి. ఏఆర్‌హెచ్ అడాప్టర్ లేని పేషెంటు లింఫోసైట్లు తీసుకున్నం. ఎల్‌డీఎల్ రిసెప్టర్ మంచిగనే ఉంది. మీడియంల బయటినుంచి పీసీఎస్‌కే9 పోసినం. పైపొర మీద రిసెప్టర్ల లెక్క ఏమయితది, ఎందుకు?

గుంటూరు_బయోటెక్
తగ్గదు సార్. పీసీఎస్‌కే9 పైన అంటుకుంటుంది కానీ ఏఆర్‌హెచ్ లేదు కాబట్టి ఆ కణాల్లో రిసెప్టర్ లోపలికి పోదు. అది చంపేది ఎండోసోమ్‌లో మడత పడకుండా ఆపి కదా, అసలు ఎండోసోమ్ దాకా పోకపోతే చంపడం ఎలా కుదురుతుంది. పైన కూర్చుని ఉంటుంది అంతే.

ఓరుగల్లు_లెక్చరర్
కరెక్ట్. 2006ల గిట్లనే వచ్చింది. ఇప్పుడు మామూలు కణం తీసుకో, పీసీఎస్‌కే9ల 374వ స్థానంల ఆస్పార్టేట్ పోయి టైరోసిన్ వచ్చింది, రిసెప్టర్ మీద పట్టు శాన పెరిగింది. ఎల్‌డీఎల్ ఎక్కువైతదా, తక్కువైతదా?

గుంటూరు_బయోటెక్
ఎక్కువవుతుంది. రిసెప్టర్లు ఇంకా తొందరగా అరిగిపోతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ తీసేవాళ్ళు తగ్గిపోతారు.

ఓరుగల్లు_లెక్చరర్
అయిపాయె. ఇగ రాబ్‌ల చాప్టర్ తియ్యి, 5 ఏడుంటది, 7 ఏడుంటది, 11 ఏడుంటది చదివి రేపు చెప్పు.